నాటి కచేరీకి సాక్షులెవరు? : మాంచెస్టర్ తొలి పంక్ బృందాలు – అభిమానుల జ్ఞాపకాలు

సారాంశం:

1976–77 మధ్యకాలంలో ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో పంక్ రాక్ సంగీతం స్థానికంగా వేళ్లూనుకొంది. ఆ కాలపు బృందాలలో కొన్ని ప్రపంచప్రసిద్ధి పొందాయి. మరికొన్ని ఒకటి రెండు రికార్డులతో ఆగిపోయాయి. కొన్నింటికి ఆ రికార్డులు కూడా లేవు. అటువంటి బృందాల చరిత్రకు అభిమానుల జ్ఞాపకాలే ప్రధాన ఆధారం. జ్ఞాపకాలు తేదీలను కలిపివేస్తాయి, సంఖ్యలను పెంచుతాయి, ప్రసిద్ధుల చుట్టూ పేరుకుంటాయి. ఈ లక్షణాలను గుర్తిస్తూ అభిమానుల జ్ఞాపకాలను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పంక్ రాక్, మాంచెస్టర్, అభిమానులు, సామూహిక స్మృతి, మౌఖిక చరిత్ర, స్థానిక సంగీతం, బజ్‌కాక్స్.

1. ఉపోద్ఘాతం:

పంక్ రాక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాలలో రూపుదిద్దుకొన్న సంగీతరీతి. పాట చిన్నది, నడక వేగం, గిటార్ ధ్వని బిగ్గర. మూడు నాలుగు కార్డులు పట్టగలిగితే చాలు, ఎవరైనా వేదిక ఎక్కవచ్చునన్నది దాని మూలసూత్రం. సంవత్సరాల సాధన, ఖరీదైన పరికరాలు, పెద్ద రికార్డు సంస్థల ఆదరణ అవసరమనుకొన్న నాటి రాక్ సంగీతానికి ఇది ఎదురుతిరుగుడు. అందువల్ల పంక్‌లో శ్రోతకూ కళాకారునికీ మధ్య గీత పలుచనైంది. ఈ వారం ప్రేక్షకులలో నిలబడినవారు కొన్ని నెలల తర్వాత వేదికపై కనిపించేవారు.

ఈ లక్షణమే చరిత్రకారునికి చిక్కు తెచ్చిపెట్టింది. త్వరగా పుట్టిన బృందాలు త్వరగా విడిపోయాయి. వారు ఒప్పందాలు రాసుకోలేదు, లెక్కలు దాచుకోలేదు. పత్రికలు ఎక్కువగా లండన్ వైపే చూశాయి. కాబట్టి ఒక ఊరిలో ఏ బృందం ఎక్కడ వాయించింది, ఎవరు విన్నారు, ఆ సంగీతం వారి జీవితంలో ఏమి మార్చింది అన్న ప్రశ్నలకు సమాధానం అభిమానుల దగ్గరే దొరుకుతుంది. ఆ సమాధానం ఎంతవరకు నమ్మదగినది? నమ్మదగనిచోట దానికి విలువ లేదా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడానికి మాంచెస్టర్ తగిన ఉదాహరణ.

2. రెండు కచేరీలు – రూఢిగా తెలిసిన విషయాలు:

హొవార్డ్ డివోటో, పీట్ షెల్లీ బోల్టన్ పట్టణంలోని సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థులు. 1976 ఫిబ్రవరిలో లండన్ సంగీత వారపత్రిక ఒకటి సెక్స్ పిస్టల్స్ అనే కొత్త బృందం గురించి రాసిన సమీక్ష వారి కంటబడింది. వెంటనే దక్షిణానికి వెళ్లి ఆ బృందం ప్రదర్శన చూశారు. తిరిగివచ్చి తామూ బజ్‌కాక్స్ అనే బృందాన్ని ఏర్పరచుకొన్నారు. సెక్స్ పిస్టల్స్‌ను తమ ప్రాంతానికి రప్పించే పని కూడా తామే నెత్తిన వేసుకొన్నారు.

ఆ కచేరీ 1976 జూన్ 4 శుక్రవారం నాడు మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగింది. ఇది ఫ్రీ ట్రేడ్ హాల్ అనే పెద్ద భవనంలోని చిన్న సభామందిరం. టికెట్టు యాభై పెన్నీలు. తమ బృందం అప్పటికి సిద్ధం కాకపోవడంతో డివోటో, షెల్లీ ఆ రాత్రి వాయించలేదు. ముందుగా వాయించిన బృందం బోల్టన్‌కు చెందిన సోల్‌స్టిస్. అది పంక్ బృందం కాదు, పాత తరహా రాక్ బృందం.

ఆరు వారాల తర్వాత, జూలై 20న, సెక్స్ పిస్టల్స్ అదే హాలుకు మళ్లీ వచ్చారు. ఈసారి బజ్‌కాక్స్ తమ తొలి ప్రదర్శన ఇచ్చారు. విథెన్‌షా ప్రాంతానికి చెందిన స్లాటర్ అండ్ ద డాగ్స్ కూడా వాయించారు. రెండో కచేరీకి వచ్చిన జనం మొదటిదానికన్నా చాలా ఎక్కువ.

3. జ్ఞాపకం పెరిగిన తీరు:

మొదటి కచేరీకి సుమారు నలభై మంది హాజరయ్యారని సాధారణంగా చెబుతారు. తర్వాతి దశాబ్దాలలో తామూ అక్కడ ఉన్నామని చెప్పినవారు ఆ చిన్న హాలులో పట్టనంతమంది. డేవిడ్ నోలన్ అనే పాత్రికేయుడు ఆ రాత్రికి నిజంగా ఎవరెవరు వచ్చారో తేల్చడానికి ఒక పుస్తకమే రాశారు. ‘ఒట్టు, నేనక్కడ ఉన్నాను’ అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు.

అయితే ఈ ఆకర్షణకు కారణం లేకపోలేదు. ఆ రాత్రి శ్రోతలలో ఉన్న పీటర్ హుక్ మరునాడే బేస్ గిటార్ కొన్నట్లు చెప్పుకొన్నారు. ఆయన, మరో శ్రోత బెర్నార్డ్ సమ్నర్ కలిసి నెలకొల్పిన బృందం వార్సా పేరుతో 1977 మే 29న ఎలక్ట్రిక్ సర్కస్ అనే వేదికపై తొలిసారి వాయించింది. అదే తర్వాత జాయ్ డివిజన్‌గా పేరుపొందింది. ద ఫాల్ బృందాన్ని నడిపిన మార్క్ ఇ. స్మిత్, ఆనాటికి ఎవరికీ తెలియని యువకుడు మొరిస్సీ కూడా శ్రోతల జాబితాలో చేరతారు. ఇంత చిన్న సభ నుంచి ఇందరు కళాకారులు రావడంతో ఆ రాత్రి ఒక మూలకథగా మారింది. మూలకథలో స్థానం కోరుకోవడం మానవ సహజం.

ఇక్కడ మూడు మార్పులు గమనించదగినవి. మొదటిది, కలగలుపు. జూన్, జూలై కచేరీలు చాలామంది మనస్సులో ఒకటైపోయాయి. బజ్‌కాక్స్‌ను మొదటి కచేరీలోనే విన్నట్లు గుర్తుంచుకొన్నవారు వాస్తవానికి జూలై నాటి శ్రోతలై ఉండాలి. టెలివిజన్ వ్యాఖ్యాత, ఆ తర్వాత ఫ్యాక్టరీ రికార్డ్స్ వ్యవస్థాపకులలో ఒకరైన టోనీ విల్సన్ తాను మొదటి కచేరీలో ఉన్నానని చెప్పేవారు. ఆయన హాజరైనది ఏ కచేరీకో ఇప్పటికీ చర్చనీయాంశమే.

రెండవది, అరువు. తరచుగా విన్న కథ కొంతకాలానికి స్వానుభవంగా స్థిరపడుతుంది. ఇందులో అబద్ధమాడాలన్న ఉద్దేశం ఉండనవసరం లేదు. స్నేహితులందరూ పదే పదే చెప్పుకొన్న సంఘటనలో తనను తాను చూసుకోవడం స్మృతి స్వభావం. వ్యక్తి స్మృతి తాను మెలగే సమూహపు చట్రంలోనే రూపొందుతుందని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మోరిస్ హాల్బ్వాక్స్ 1925లోనే వివరించారు.

మూడవది, పునఃకల్పన. 2002లో మైకేల్ వింటర్‌బాటమ్ దర్శకత్వంలో వచ్చిన ‘ట్వంటీ ఫోర్ అవర్ పార్టీ పీపుల్’ చలనచిత్రం ఆ కచేరీని తెరకెక్కించి, హాజరైనవారు నలభై రెండు మంది అని చెప్పింది. అప్పటినుంచి ఆ అంకె చాలా కథనాలలో స్థిరపడింది. విశేషమేమంటే ఆ చిత్రమే స్మృతి మీద ఒక చమత్కారం చేస్తుంది. ఒక సన్నివేశంలో అసలు హొవార్డ్ డివోటో పారిశుద్ధ్య కార్మికుని వేషంలో కనిపించి, తెరపై తన గురించి చూపిన సంఘటన జరిగినట్లు తనకు గుర్తులేదని ప్రేక్షకులతో అంటారు.

4. జ్ఞాపకం వదిలిన ఖాళీలు:

పెరుగుదల ఒక ముఖమైతే మరుపు రెండో ముఖం. మొదటి కచేరీకి వచ్చిన శ్రోతల పేర్లు ఒక్కొక్కటిగా వెదికి రాశారు. అదే రాత్రి వేదికపై ముందుగా వాయించిన సోల్‌స్టిస్‌ను తలచుకొనేవారు తక్కువ. ఎవరు విన్నారన్న దానికి ఉన్న ప్రాముఖ్యం ఎవరు వాయించారన్న దానికి లేకుండాపోయింది. సోల్‌స్టిస్ పాత రీతికి చెందినది. కొత్తదనం పుట్టిన రాత్రిగా ఆ కచేరీని చెప్పుకొనే కథలో దానికి చోటు దొరకలేదు.

ద వర్స్ట్ అనే బృందం పరిస్థితి మరొక విధమైనది. ఇది పంక్ రీతిలోనిదే. మాంచెస్టర్ వేదికలపై వాయించి స్థానికులకు బాగా తెలిసిన బృందం. కాని ఆ కాలంలో రికార్డేదీ విడుదల చేయలేదు. ఎలక్ట్రిక్ సర్కస్ 1977 అక్టోబరు ఆరంభంలో మూతపడినప్పుడు చివరి కచేరీలను ముద్రించి, వాటిలో కొన్నింటిని 1978లో రికార్డుగా తెచ్చారు. బజ్‌కాక్స్, ద ఫాల్, జాయ్ డివిజన్, ద డ్రోన్స్, స్టీల్ పల్స్, కవి జాన్ కూపర్ క్లార్క్ అందులో ఉన్నారు. ద వర్స్ట్ లేదు. ఆ బృందం ఎలా ధ్వనించేదో చెప్పగలిగేవారు ఆనాటి శ్రోతలే. వారి మాటను అనుమానాస్పదమని పక్కనపెడితే ఆ బృందానికి చరిత్రే మిగలదు.

రికార్డు ఉన్న బృందానికీ లేని బృందానికీ మధ్య తేడా తరచుగా ప్రతిభకు సంబంధించినది కాదు. అప్పుగా దొరికిన డబ్బు, పరిచయమున్న ఒక మనిషి, ఒక వారాంతం స్టూడియో సమయం – వీటివల్లనే ఒక బృందం చరిత్రకెక్కింది, మరొకటి ఎక్కలేదు. అభిమాని జ్ఞాపకం ఈ అసమానతను కొంతైనా సరిచేస్తుంది.

5. వస్తుసాక్ష్యం – దాని బలం, పరిమితి:

జ్ఞాపకాన్ని పరీక్షించడానికి వస్తువులు తోడ్పడతాయి. టికెట్టు ముక్క, చేతితో గీసిన పోస్టరు, ఛాయాచిత్రం, టేపు ఇటువంటివి. బజ్‌కాక్స్ తొలి రికార్డు ‘స్పైరల్ స్క్రాచ్’ ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగు పాటల ఈ చిన్న రికార్డును 1976 డిసెంబరు 28న ముద్రించారు. మిత్రుల, కుటుంబాల దగ్గర సుమారు 500 పౌండ్లు అప్పుచేసి, న్యూ హార్మోన్స్ అనే సొంత సంస్థ పేరుతో 1977 జనవరిలో విడుదల చేశారు. మొదట వేసినవి 1000 ప్రతులు. ఏ పాట ఎన్నో ప్రయత్నంలో ముద్రితమైందో అట్ట మీదే అచ్చువేశారు. రికార్డు తయారీలో రహస్యమేమీ లేదని, కొన్నవారు కూడా ఈ పని చేయవచ్చునని ఆ అట్ట చెప్పినట్లయింది. తర్వాత స్లాటర్ అండ్ ద డాగ్స్, నోస్‌బ్లీడ్స్ వంటి విథెన్‌షా బృందాల రికార్డులు ర్యాబిడ్ అనే మరో స్థానిక సంస్థ ద్వారా వెలువడ్డాయి.

అభిమానులు స్వయంగా రాసి, జిరాక్స్ తీసి, కుట్టి అమ్మిన ఫ్యాన్‌జైన్ అనే చిన్న పత్రికలు మరొక ముఖ్య ఆధారం. మాంచెస్టర్‌లో ‘షై టాక్’ అటువంటిది. జరిగిన వెంటనే రాసినది కావడం వీటి విలువ. మొరిస్సీ 1976 జూన్‌లోనే ఒక సంగీత వారపత్రికకు ఈ కచేరీ గురించి ఉత్తరం రాశారు. దశాబ్దాల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూకన్నా అటువంటి ఉత్తరం తేదీ విషయంలో గట్టి సాక్ష్యం.

అలాగని వస్తువు ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోరాదు. దీనికి అదే భవనం సాక్ష్యమిస్తుంది. 1966 మే 17న ఫ్రీ ట్రేడ్ హాల్ పెద్ద మందిరంలో బాబ్ డిలన్ పాడుతున్నప్పుడు, ఆయన విద్యుత్ గిటార్ పట్టినందుకు కోపించిన శ్రోత ఒకరు ఆయనను ద్రోహిగా నిందిస్తూ అరిచారు. ఆ కచేరీ టేపు అనధికార రికార్డుగా లోకమంతా తిరిగింది. దాని మీద మాత్రం లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరు ఉండేది. 1998లో అధికారికంగా విడుదలైనప్పుడు కూడా, ఆ ప్రసిద్ధమైన పొరపాటును ఉటంకింపు గుర్తుల మధ్య శీర్షికలోనే ఉంచారు. ఇక్కడ టేపు నిజం, దాని మీది చీటీ అబద్ధం. ఆ పొరపాటును హాలులో కూర్చున్న మాంచెస్టర్ శ్రోతల జ్ఞాపకం సరిదిద్దగలదు. అరిచినది తామేనని తర్వాత ఒకరికన్న ఎక్కువమంది చెప్పుకోవడం అదే జ్ఞాపకపు మరో ముఖం. వస్తువూ జ్ఞాపకమూ ఒకదానినొకటి సరిచూసుకోవాలి.

6. ఎవరి జ్ఞాపకం నిలిచింది?

జూన్ 4 కథను ఎక్కువగా చెప్పినవారు తర్వాత ప్రసిద్ధులైన పురుషులు. ఇంటర్వ్యూ చేసేవారు వారినే వెదుక్కుంటూ వెళ్లారు. ప్రసిద్ధి సాక్ష్యానికి బలం చేకూర్చింది, సాక్ష్యం తిరిగి ప్రసిద్ధిని పెంచింది. కచేరీ విని ఇంటికి వెళ్లి, బృందమేదీ పెట్టకుండా, కర్మాగారంలోనో కార్యాలయంలోనో పనిచేసుకొన్నవారి అనుభవం ఈ వలయానికి వెలుపల ఉండిపోయింది.

మహిళల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. మాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో చదివిన లిండర్ బజ్‌కాక్స్ 1977 రికార్డుకు చేసిన కొలాజ్ చిత్రం ఆ కాలపు అత్యంత ప్రసిద్ధ చిత్రాలలో ఒకటి. తర్వాత ఆమె లూడస్ బృందంలో గాయని. అయినా నగర సంగీత చరిత్రలో ఆమెను చాలాకాలం బృందాలకు స్నేహితురాలిగానే ప్రస్తావించారు. బ్రైటన్ పట్టణపు పంక్ బృందాలలో స్వయంగా వాయించిన హెలెన్ రెడింగ్టన్ ఆ కాలపు మహిళా వాద్యకారులను కలిసి, వారి అనుభవాలను 2007లో గ్రంథంగా తెచ్చారు. వాయించిన స్త్రీలు ఉన్నారు, వారిని అడిగినవారే లేరన్నది ఆ కృషి బయటపెట్టిన విషయం.

చోటుకు కూడా ఇదే వర్తిస్తుంది. మాంచెస్టర్ తొలి పంక్ అభిమానులు రాత్రిళ్లు గుమిగూడిన రాంచ్ అనే చిన్న బార్, ఫూ ఫూ లమార్ పేరుతో స్త్రీవేషధారణ ప్రదర్శనలు ఇచ్చిన కళాకారునిది. విచిత్రమైన దుస్తులు, రంగువేసిన జుట్టుతో బయటికి వస్తే దెబ్బలు తినే ప్రమాదమున్న కాలంలో, స్వలింగ ప్రియులు మెలిగే చోట్లే పంక్ యువతకూ రక్షణ ఇచ్చాయి. లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ రెండు రాత్రుల వేదిక. రాంచ్ వారి నిత్యజీవితంలో భాగం. స్థానిక సంగీత చరిత్ర రాయాలంటే రెండోదాని జ్ఞాపకమే ఎక్కువ ఉపయోగపడుతుంది. ప్రచారం మాత్రం మొదటిదానికి దక్కింది.

7. పొరపాటును ఎలా చదవాలి?

మౌఖిక చరిత్ర పరిశోధకుడు అలెస్సాండ్రో పోర్తెల్లి పరిశీలించిన ఒక ఉదంతం ఇక్కడ దారి చూపుతుంది. ఇటలీలోని తెర్ని పట్టణంలో లుయీజీ త్రాస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న, నాటో కూటమిలో ఇటలీ చేరికకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో మరణించాడు. అయితే పట్టణవాసులలో చాలామంది ఆ మరణం 1953లో, కార్మికుల సామూహిక తొలగింపుకు వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో సంభవించినట్లు చెప్పారు. పోర్తెల్లి దీనిని మతిమరుపుగా కొట్టివేయలేదు. తోటి కార్మికుని మరణానికి తగిన కారణం ఉండాలన్న తపన ఆ తేదీని జరిపిందని ఆయన విశ్లేషించారు. తేదీ తప్పు. ఆ తప్పు మాత్రం ప్రజల మనస్సుకు ప్రామాణిక సాక్ష్యం.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ సమస్య కొత్తది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి సేకరించిన చాటుపద్యాల వెనుక ఇటువంటి స్మృతి సంప్రదాయమే ఉంది. వేర్వేరు శతాబ్దాలకు చెందిన కాళిదాసు, భవభూతి, దండి భోజరాజు సభలో ఒకేచోట కూర్చొని పోటీపడిన కథలు పండితులూ పామరులూ చెప్పుకొన్నారు. కాలగణన ప్రకారం ఆ సభ జరగలేదు. కాని ఏ కవిని ఏ స్థానంలో నిలపాలన్న సహృదయుల తీర్పు ఆ కథలలో భద్రంగా ఉంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ తమ చాటు అధ్యయనంలో చూపినదీ ఈ సామూహిక విమర్శ దృష్టినే. మాంచెస్టర్ అభిమానులు తమ నగరపు ప్రతిభావంతులందరినీ ఒక శుక్రవారం రాత్రి ఒకే హాలులో కూర్చోబెట్టడం ఈ దృష్టికి దగ్గరి పోలిక. తమ సంగీతం లండన్ నుంచి అరువు తెచ్చుకొన్నది కాదని, తమ ఊరిలో తమ కళ్లముందు పుట్టిందని ఆ కథ చెబుతోంది.

కాబట్టి అభిమాని చెప్పిన ప్రతి విషయానికీ రెండు ప్రశ్నలు వేయాలి. ఇది జరిగిందా అన్నది మొదటిది. దీనికి సమకాలీన ఉత్తరం, పోస్టరు, టేపు, ఇతరుల సాక్ష్యం సమాధానమిస్తాయి. ఇలా గుర్తుండడానికి కారణమేమిటన్నది రెండోది. దీనికి సమాధానం ఆ వ్యక్తి తర్వాతి జీవితంలో, అతడు కథ చెప్పుకొన్న సమూహంలో దొరుకుతుంది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే సాక్షుల జాబితా మిగులుతుంది. రెండోదానితోనే సరిపెట్టుకొంటే చరిత్రకూ కథకూ తేడా చెరిగిపోతుంది.

8. ముగింపు:

• చిన్న బృందాల, స్థానిక వేదికల చరిత్రకు అభిమానుల జ్ఞాపకం తప్పనిసరి ఆధారం. రికార్డు లేని ద వర్స్ట్ వంటి బృందాలకు అదొక్కటే ఆధారం కావచ్చు.

• ఆ జ్ఞాపకం సంఘటనలను కలిపివేస్తుంది, ప్రసిద్ధుల వైపు మొగ్గుతుంది. జూన్, జూలై కచేరీలు ఒకటైపోవడం, సోల్‌స్టిస్ మరుగున పడడం ఇందుకు నిదర్శనాలు.

• వస్తుసాక్ష్యాన్ని కూడా సరిచూసుకోవాలి. తప్పు చీటీతో తిరిగిన టేపు ఈ హెచ్చరిక చేస్తోంది.

• ప్రసిద్ధులను మళ్లీ మళ్లీ అడగడం కన్నా సాధారణ శ్రోతలను, మహిళలను, చిన్న వేదికలకు వెళ్లినవారిని ఒక్కసారి అడగడం చరిత్రకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ పనికి వ్యవధి తక్కువ. టోనీ విల్సన్ 2007లో, మార్క్ ఇ. స్మిత్, పీట్ షెల్లీ 2018లో మరణించారు. వారి మాటలు పుస్తకాలలో, టేపులలో మిగిలే ఉన్నాయి. 1976లో ఇరవయ్యేళ్ల వయస్సున్న సాధారణ శ్రోతకు నేడు డెబ్బై ఏళ్లు. అతని మాటను ఎవరూ రాసుకోకపోతే అది అతనితోనే పోతుంది. లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ ఉన్న భవనం ఇప్పుడు హోటలు. పాత ముఖద్వారం నిలిచి ఉంది, లోపలి మందిరం లేదు. ఆ మందిరంలో శబ్దం ఎలా ఉండేదో, ఆ రాత్రి ఇంటికి నడుస్తూ ఏమి మాట్లాడుకొన్నారో ఇంకా చెప్పగలవారు కొందరున్నారు. వారు తేదీ తప్పు చెప్పినా సరే, ముందుగా వారి మాట వినాలి. తేదీని తర్వాత సరిచూసుకోవచ్చు.